తోట మాది, గెలల లెక్క మాత్రం బావగారి దగ్గర

పేరు, ఊరు రాయొద్దన్న ఒక చెల్లెమ్మ పంపిన ఉత్తరం ఇది. చాలా పొడుగ్గా ఉంది, అందుకని ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెబుతున్నాను.

ఆవిడకి ముప్పయ్యారేళ్లు. ఊరు నల్లజర్ల మెట్ట దిగి తాడేపల్లిగూడెం వైపు డెల్టాలో కలిసే చోట. మావయ్యగారు 1994లో మెట్ట మీద పదహారు ఎకరాల్లో పామాయిల్ వేశారు. ఆయన పోయి నాలుగేళ్లయింది. కొడుకులిద్దరూ నోటిమాటగా చెరో ఎనిమిది ఎకరాలు అనుకున్నారు, కాగితాలేమీ మారలేదు. ఫ్యాక్టరీలో రైతు పేరు పెద్దకొడుకుదే, అంటే ఈవిడ బావగారిదే. కోత ముఠాని పిలిచేది ఆయన, ట్రాక్టరు పంపేది ఆయన, డబ్బు పడేది ఆయన ఖాతాలో. ఏడాదికి రెండుసార్లు ఇంత అని తెచ్చి అత్తయ్యగారి చేతిలో పెడతారు, చీటీ ఉండదు. కిందటేడు ఈవిడ వాటాకి 38 టన్నులే వచ్చాయన్నారు. పక్క తోటాయనకి దాదాపు దానికి రెట్టింపు వస్తోందట.

భర్త కువైట్‌లో డ్రైవరు. అన్నయ్యని లెక్క అడగడం ఆయనకి ఇష్టం లేదు. పైగా పామాయిల్ ధర బాగుందని, కాలువ కింద ఉన్న మూడెకరాల వరిచేను కూడా తోట చేసేద్దామని ఫోన్లో పట్టుబడుతున్నారు. అత్తయ్యగారు వద్దంటున్నారు. బావగారేమో చెట్లు ముసలివైపోయాయి, రెండు వాటాలూ ఒకేసారి పీకించేద్దాం అంటున్నారు. ఈ గొడవల మధ్య తొమ్మిదో తరగతి చదివే కూతురు బళ్లో ఏదో పాఠం విని వచ్చి, పామాయిల్ వల్ల అడవులు పోతున్నాయంట, మనం చేసేది తప్పా అమ్మా అని అడిగిందట. ఉత్తరం చివర ఆవిడ రాసింది మాత్రం ఉన్నదున్నట్టు ఇస్తాను: "నన్ను మోసం చేస్తున్నారో లేదో నాకు తెలియదు. అడిగితే ఇల్లు రెండు ముక్కలవుతుంది, అడక్కపోతే నాకు నిద్ర పట్టడం లేదు."

చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు నాకూ బావగారి మీద కోపమే వచ్చింది. రెండోసారి చదువుతుంటే మీరు మామూలుగా రాసేసిన మూడు మాటల దగ్గర ఆగిపోయాను. ముఠా ఇరవై రోజులకోసారి వస్తారని ఒకచోట రాశారు. రెండేళ్ల కిందట వేసవిలో బోరు ఎండిపోయి నెలన్నర నీళ్లు పెట్టలేదని ఇంకోచోట రాశారు. చెట్ల కింద రాలిన పళ్లు మొలకలెత్తి కలుపులా తయారయ్యాయని విసుక్కున్నారు. మీ 38 టన్నుల కథ సగం ఈ మూడింట్లోనే ఉందని నాకనిపిస్తోంది. మిగతా సగం బావగారి దగ్గర ఉందో లేదో మనం తేల్చుకోవచ్చు. కానీ ముందు ఈ సగం చూడాలి.

లెక్క వేద్దాం. ఎకరానికి 57 చెట్లు చొప్పున మీ ఎనిమిదెకరాల్లో 456 చెట్లుంటాయి. 38 టన్నులంటే చెట్టుకి ఏడాదికి 83 కిలోలు. బాగా చూసుకునే తోటలో ఎకరానికి ఎనిమిది టన్నులు అంతకంటే ఎక్కువే తీస్తున్నవాళ్లు మన మెట్టలో చాలామంది ఉన్నారు. అంటే చెట్టుకి 140 కిలోలు. తేడా పెద్దదే, 26 టన్నులు. అయితే ఈ 26 టన్నులూ కాటా దగ్గరే పోయాయని అనుకోకండి.

పామాయిల్ చెట్టు దాహాన్ని వెంటనే చూపించదు. ఇవాళ నీళ్లు తగ్గితే రేపు గెల తగ్గదు. ఆ సమయంలో మొవ్వు లోపల తయారవుతున్న పూగుత్తులు ఆడవి కావాల్సింది మగవి అవుతాయి. ఆ లోటు గెలల్లో కనిపించేసరికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. మీ బోరు ఎండింది రెండేళ్ల కిందట, దిగుబడి పడింది కిందటేడు. సరిగ్గా అతుకుతోంది కదా. పెరిగిన చెట్టుకి మామూలు రోజుల్లోనే 150 నుంచి 200 లీటర్లు కావాలి, ఎండాకాలం ఇంకా ఎక్కువ. నెలన్నర ఆపేస్తే ఆ దెబ్బ ఎంతో కొంత తగిలే ఉంటుంది.

రెండోది కోత. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పామాయిల్‌లో డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే. మన తోట నుంచి ఫ్యాక్టరీ దాకా అందరికీ ముట్టేది బరువు లెక్కన. ముఠాకి టన్నుకింత, ట్రాక్టరుకి టన్నుకింత, రైతుకీ టన్నుకింత. ఆ టన్ను ధర కట్టేటప్పుడు మాత్రం చూసేది గెల బరువులో వచ్చే నూనె శాతం, మన దగ్గర అది 19 చుట్టూ తిరుగుతుంటుంది. గెలలో నూనె చివరి కొన్ని వారాల్లోనే పడుతుంది. నాలుగైదు నుంచి పది పళ్లు వాటంతటవే రాలిన గెలే కోతకొచ్చిన గెల. ముఠా పది, పన్నెండు రోజులకోసారి వస్తే పండినవి పండినట్టు కోస్తారు. ఇరవై రోజులకోసారి వస్తే మళ్లీ ఎప్పుడొస్తామో అని పచ్చివీ దించేస్తారు, మిగిలిపోయినవేమో ముగ్గిపోయి పళ్లన్నీ కింద పడతాయి. నూనె అన్నిటికంటే ఎక్కువ ఉండేది ఆ రాలిన పళ్లలోనే, మీ తోటలో మొలకలెత్తుతున్నవి అవే. ఆ పైన కోసిన గెల కలెక్షన్ సెంటర్లో ఎండలో రెండు రోజులు పడుంటే లోపల ఆమ్లం పెరిగి నూనె నాణ్యత పడిపోతుంది. కోసిన 24 గంటల్లో గెల మిల్లులో పడాలి అనేది అందుకే.

ఇందులో బావగారి తప్పు ఆయనకే కనిపించకపోవచ్చు. పచ్చిగెలా తూగుతుంది, తూగినదానికి డబ్బొస్తుంది. నష్టం మాత్రం ధరలో కలిసిపోయి అందరి మీదా పడుతుంది. ఒక తోట పచ్చి గెలలు పక్క తోట ధరని కూడా కిందికి లాగుతాయి. మన రైతులు తెలంగాణలో నూనె శాతం ఎక్కువ కడుతున్నారు, మాకూ అంతే ఇవ్వాలి అని ఎన్నో ఏళ్లు అడిగారు, ఆ అడగడంలో న్యాయముంది. ఆ న్యాయం గట్టిగా నిలబడాలంటే మన ట్రాక్టర్లో పచ్చిగెల ఉండకూడదు. ఈ మాట తోటి రైతులతో అంటే కొందరు నొచ్చుకుంటారు, అయినా అంటాను.

ఇక కాటా సంగతి. దీన్ని అనుమానంతో కాకుండా లెక్కతో తేల్చండి. రాబోయే నాలుగు కోతలూ మీరు తోటలో ఉండండి, మీ తోట మీరు చూసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. గెలలు గట్టు మీదికి చేర్చాక లెక్కపెట్టండి. ఒక పది గెలలు వేలాడే కాటా మీద తూచి సగటు తీయండి, అంత వయసు చెట్లకి గెల ఇరవై కిలోలు పైనే ఉంటుంది. సంఖ్యని సగటుతో గుణిస్తే ఆ ట్రిప్పు బరువు చాలావరకు తెలిసిపోతుంది. నోటుబుక్కులో తేదీ వేసి రాసుకోండి. రెండు నెలలయ్యాక బావగారు చెప్పిన బరువుకీ మీ బరువుకీ తేడా కొద్దిగానే ఉంటే, మీ మనసులోంచి ఒక పెద్ద భారం దిగిపోతుంది. చాలా ఉంటే అప్పుడు మాట్లాడటానికి మీ చేతిలో ఒక కాగితం ఉంటుంది.

తేడా ఉందనే తేలిందనుకోండి. అప్పుడు కూడా ఒక సంగతి ఆలోచించమని అడుగుతున్నాను. నాలుగేళ్లుగా మీ ఎనిమిదెకరాలకి ముఠాని పిలిచింది, బోరు చూసింది, ఎరువు వేయించింది, ఫ్యాక్టరీ చుట్టూ తిరిగింది ఆయనే. దానికి ఇంత అని ఎవరైనా ఆయనకి ఇచ్చారా? మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మనం నోరు తెరిచి ఇవ్వని కూలిని కొందరు నోరు తెరవకుండా తీసుకుంటారు. అది సరైనదని నేను అనడం లేదు. కానీ "మీరు మమ్మల్ని మోసం చేశారు" అని మొదలుపెట్టే మాటకీ, "బావగారూ, మీ కష్టానికి ఇన్నాళ్లూ మేం ఏమీ ఇవ్వలేదు, ఇకనుంచి టన్నుకి ఇంత అని తీసుకోండి, చీటీలు మాత్రం నాకు ఇప్పించండి" అని మొదలుపెట్టే మాటకీ చాలా దూరం ఉంది. రెండో మాటకి ఇల్లు ముక్కలయ్యే అవకాశం తక్కువ. ఆయన ఒప్పుకుంటే మీకు అనుభవమున్న మనిషి తోడుంటాడు. ఒప్పుకోకపోతే, చీటీ ఇవ్వడానికే ఇబ్బంది పడితే, మీకు రావాల్సిన జవాబు వచ్చేసినట్టే.

అప్పుడున్న దారి మీ పేరు మీద ఫ్యాక్టరీలో వేరే నమోదు చేయించుకోవడం. మన రాష్ట్రంలో 1993లో చేసిన ఆయిల్‌పామ్ చట్టం ప్రకారం ఏ మండలం గెలలు ఏ ఫ్యాక్టరీకి వెళ్లాలో ప్రభుత్వం జోన్లుగా పంచి ఇస్తుంది. మనం ఆ ఫ్యాక్టరీకే ఇవ్వాలి, వాళ్లూ కొనాలి. కాబట్టి మీరు విడిగా వెళితే గెలలు ఎవరు కొంటారోనన్న టెన్షన్ అక్కర్లేదు. కావాల్సిందల్లా భూమి కాగితం. ఇక్కడ మీ ఉత్తరంలో ఒక్క ముక్కలో వచ్చి వెళ్లిపోయిన మనిషి గురించి అడగాలి. మీకో ఆడపడుచు ఉన్నారు, భీమవరంలో ఉంటారని రాశారు. మావయ్యగారు వీలునామా రాయకుండా పోయి ఉంటే ఆ పదహారు ఎకరాల్లో ఆవిడకీ, అత్తయ్యగారికీ హక్కు ఉంటుంది. అన్నదమ్ములిద్దరూ చెరి సగం అనుకున్న నోటిమాట ఆడపడుచు, అత్తయ్యగారి సంతకాలు లేకుండా పాసుపుస్తకం దాకా వెళ్లదు. ఆడపడుచు తన వాటా వదులుకుంటారా, ఏమైనా అడుగుతారా అన్నది ఆవిడ ఇష్టం, కానీ ముందుగా వెళ్లి కూర్చుని మాట్లాడాల్సింది ఆవిడతోనే. మీ వారు రాలేకపోతే అక్కడి మన ఎంబసీలో సంతకం పెట్టి మీ పేరున పవర్ ఆఫ్ అటార్నీ పంపవచ్చు. అదొక్కటి ఆయన చేస్తే అన్నయ్యతో ముఖాముఖి గొడవ పడాల్సిన పని ఆయనకి తప్పుతుంది. ఈ మాట ఆయనకి ఇలాగే చెప్పండి.

ఇప్పుడు వరిచేను. మీ వారు ధర చూసి చెబుతున్నారు. 2022లో ఇండోనేషియా ఎగుమతులు ఆపేసిన ఏప్రిల్, మే రోజుల్లో గెలల ధర టన్ను ఇరవై వేలు దాటింది, ఆ మరుసటేడు ఎంత పడిపోయిందో తోటలున్నవాళ్లకి గుర్తే. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్ మీద దిగుమతి సుంకం అన్నీ కలిపి 5.5 నుంచి 27.5 శాతానికి పెంచింది, మన ధర లేచింది. 2025 మే చివర్లో దాన్ని 16.5కి తగ్గించింది. ఇవన్నీ ఢిల్లీలో, జకార్తాలో జరిగేవి. చెట్టు మాత్రం పాతికేళ్లు, ముప్పై ఏళ్లు మన చేలో ఉంటుంది. ఒక ఏడాది ధర చూసి ముప్పై ఏళ్ల చెట్టు వేయకూడదు.

ధర సంగతి పక్కన పెట్టినా, ఆ మూడెకరాలు కాలువ కింది నల్లరేగడి. సార్వాకి, అంటే వానాకాలం వరికి, చుట్టూ చేలల్లో నీళ్లు నిలబడి ఉంటాయి, మీ చేను ఒక్కటే పొడిగా ఎలా ఉంటుంది? పామాయిల్‌కి నీళ్లు ఎన్ని కావాలో, వేరు దగ్గర నీళ్లు నిలవడం అంత పనికిరాదు. కాలువలు కట్టేసే ఏప్రిల్, మే నెలల్లోనేమో చెట్టుకి దాహం ఎక్కువ, అప్పుడు బోరు కావాలి. చుట్టూ వరి, మధ్యలో తోట అంటే కోతలయ్యాక ఎలుకలన్నీ మీ చెట్ల మీదికే వస్తాయి. లోతు కాలువలు తీసి, మట్టి ఎత్తు చేసి వేసేవాళ్లు డెల్టాలో లేకపోలేదు. మీరూ వేయొచ్చు, కానీ ఆ ఖర్చు, బోరు ఖర్చు, మొదటి మూడు నాలుగేళ్లు గెల రాకపోవడం అన్నీ కలిపి ఒక కాగితం మీద వేసి మీ వారికి పంపండి. అత్తయ్యగారు తిండిగింజల గురించి మాట్లాడుతున్నారు, ఆవిడ మాటలో బలముంది. ఇంటి బియ్యం, పశువుల గడ్డి, దాళ్వా (రెండో పంట వరి) మీద వచ్చే నాలుగు డబ్బులు ఇవి పామాయిల్ ధర పడిన ఏడాది కూడా ఉంటాయి. నన్నడిగితే ఆ చేను జోలికి వెళ్లొద్దనే అంటాను. మీ వారికి అంత కోరికగా ఉంటే ఆ డబ్బు మెట్ట మీదే ఖర్చు పెట్టమనండి, ఎందుకంటే అక్కడ పని చాలా ఉంది.

పాత తోట విషయంలో బావగారు చెప్పింది పూర్తిగా కొట్టిపారేయలేం. 1994 చెట్లంటే ముప్పై దాటాయి. అంత ఎత్తు చెట్టుకి పొడుగు గెడకి కత్తి కట్టి కోయాలి, ఆ పని వచ్చిన కుర్రాళ్లు తక్కువ, అడిగినంత ఇవ్వాలి, అసలు ముఠా ఇరవై రోజులకి రావడానికి కారణం కూడా ఇదే కావచ్చు. పాత తోట తీసి మళ్లీ వేసేవాళ్లకి 2021లో మొదలైన జాతీయ వంటనూనెల మిషన్ కింద మొక్కకి 250 రూపాయలు ఇస్తామన్నారు. మొక్కల ఖర్చుకి హెక్టారుకి 29 వేలు అన్నారు, అంతర పంటకీ సాయం అన్నారు. ఇప్పుడు ఏమేం అందుతున్నాయో ఉద్యానశాఖ అధికారిని అడిగి రాసుకోండి. ఇవన్నీ పాసుపుస్తకంలో పేరున్నవాళ్లకే అందుతాయి, అందుకే కాగితాల పని పూర్తి కాకుండా ఒక్క చెట్టు కూడా పీకించొద్దు. పీకించాక కాగితం కుదరకపోతే తోటా ఉండదు, సాయమూ రాదు.

ఎనిమిదెకరాలూ ఒకేసారి తీస్తే మూడున్నర, నాలుగేళ్లు గెలల మీద రూపాయి రాదు. ఆ నాలుగేళ్లూ కువైట్ డబ్బు మీదే ఇల్లు నడవాలి, ఆ ఉద్యోగం ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు. నాలుగెకరాలు ఇప్పుడు తీసి, కొత్త మొక్కల మధ్య మొక్కజొన్నో అరటో కూరగాయలో వేసుకుని, అవి కాపుకొచ్చాక మిగతా నాలుగు తీస్తే చేతిలో ఎప్పుడూ ఎంతో కొంత ఆడుతుంది. దీనిలో ఇబ్బంది ఏమిటంటే పక్కనే పాత చెట్లు ఉండటం. కొట్టేసిన మొద్దుల్ని అలాగే కుళ్లనిస్తే కొమ్ము పురుగు అందులో పెరిగి లేతమొక్కల మొవ్వులు తినేస్తుంది, కాండం మొదలు కుళ్లు ఉన్న చెట్టు వేరుతో సహా తీయకపోతే ఆ బూజు కొత్తదానికి అంటుకుంటుంది. మొద్దులు ముక్కలు చేయించే ఖర్చు కూడా లెక్కలో వేయండి. మూడో దారి, ఇంకో మూడు నాలుగేళ్లు ఇలాగే ఉంచి నీళ్లూ కోతా సరిచేసి ఎంత వస్తుందో చూడటం. ఎకరానికి ఏడు టన్నులకి తేగలిగితే తొందర లేదు. నాకైతే ముందు ఒక ఏడాది సరిచేసి చూసి, తర్వాత సగం తీయడం నచ్చుతుంది, కానీ మీ చెట్ల ఎత్తు నేను చూడలేదు, ఆ చూపు పెదవేగి పరిశోధన సంస్థ వాళ్లకో, వెంకట్రామన్నగూడెం ఉద్యాన యూనివర్సిటీ వాళ్లకో ఉంటుంది. ఒకసారి తోటకి రమ్మని అడగండి, లేదా మీరే ఒక మట్ట ఆకు, మట్టి తీసుకుని వెళ్లండి.

ముఠా దొరక్కపోవడానికి ఒక ఉపాయం ఉంది, ఇది ఆడవాళ్లు మీరు మొదలుపెట్టగలిగింది. మీ చుట్టుపక్కల చిన్న తోటలవాళ్లు నలుగురైదుగురు కలిసి యాభై అరవై ఎకరాలకి ఒకే ముఠాని మాట్లాడుకుంటే వాళ్లకి నెల పొడుగునా పని ఉంటుంది, మీకు పన్నెండు రోజులకోసారి కోత ఖాయం, ట్రాక్టరు నిండుగా అదే రోజు మిల్లుకి వెళుతుంది. రాలిన పళ్లు ఏరే పనికి టన్ను లెక్కన కాకుండా రోజుకూలి ఇవ్వండి, అప్పుడే శ్రద్ధగా ఏరుతారు. అయితే ఐదుగురి మధ్య లెక్క రాసే మనిషి కావాలి. ఆ నోటుబుక్కు మీ దగ్గర ఎలాగూ ఉంటుంది.

నీళ్ల సంగతి మీ అమ్మాయి ప్రశ్నతో కలిపి చెబుతాను. అమ్మాయి విన్నది నిజం. ఇండోనేషియా, మలేషియాల్లో, ముఖ్యంగా సుమత్రా, బోర్నియో దీవుల్లో పెద్ద అడవులు కొట్టి, తడినేలలు ఎండగట్టి ఈ తోటలు వేశారు. దాన్ని ఆపాలనే 2004లో కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఒక సంస్థ పెట్టి, ఆ తర్వాత సర్టిఫికెట్ పద్ధతి తెచ్చాయి. మీ మావయ్యగారు అడవి కొట్టలేదు, అప్పటికే సాగులో ఉన్న మెట్టలో వేశారు. పైగా ఒక ఎకరంలో పామాయిల్ ఇచ్చినంత నూనె వేరుశనగ, పొద్దుతిరుగుడు ఇవ్వవు, దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా ఇంకా బయటినుంచే తెచ్చుకుంటున్నాం. ఇది అమ్మాయికి ధైర్యంగా చెప్పండి. దాంతోపాటు మనం తీసేది అడవి కాదు, భూమిలోపలి నీళ్లు అని కూడా చెప్పండి. ఉచిత కరెంటు ఉందని వచ్చినంతసేపూ మోటారు వేసి వదిలేస్తే మీ బోరు మళ్లీ ఎండుతుంది, పక్కవాళ్లదీ ఎండుతుంది. డ్రిప్పో, పాదులో సన్నగా నీళ్లు చిమ్మే మైక్రోజెట్టో పెట్టించండి. కొట్టిన మట్టలు తగలబెట్టకుండా వరసల మధ్య పరిచేయండి, మిల్లు నుంచి పళ్లు తీసేసిన ఖాళీ గెలలు దొరికితే తెచ్చి పాదుల్లో వేయండి, తేమ నిలుస్తుంది, పొటాష్ తిరిగొస్తుంది, ఎరువు బిల్లు తగ్గుతుంది. పూత మీద మందులు ఇష్టం వచ్చినట్టు కొట్టనివ్వొద్దు, పామాయిల్‌లో మగపూల నుంచి ఆడపూలకి పుప్పొడి చేర్చేది ఒక చిన్న ముక్కుపురుగు, 1980ల్లో ఆఫ్రికా జాతి పురుగుని ఇందుకోసమే మన దేశానికి తెచ్చారు. ఇంకొకటి, కోకో గురించి అడిగారు. నీడలో బాగా వస్తుంది, నేలకీ మంచిది, కానీ 2024లో కిలో వెయ్యి దాకా పలికిన గింజల్ని మరుసటేడు కొనేవాళ్లు లేక మన జిల్లాల రైతులు రోడ్డెక్కారు. పై ఖర్చులకి పనికొస్తుందనుకుని వేయండి, దానిమీద అప్పు మాత్రం చేయకండి.

పై కోతకి ఇంకా పది రోజులుంది అన్నారు. ఈలోగా భీమవరం వెళ్లి ఆడపడుచుని కలిసి రండి, అత్తయ్యగారిని కూడా తీసుకెళ్లండి. కోత రోజు అమ్మాయికి ఆదివారం కలిసొస్తే తనని తోటకి తీసుకెళ్లి గెలలు తనచేతే లెక్కపెట్టించండి. బావగారు అక్కడే ఉంటారు కాబట్టి ఆ లెక్క ఆయన ముందే నోటుబుక్కులో రాయండి, దాచి రాయొద్దు. రెండు నెలల తర్వాత ఆ పేజీలు నాకు పంపితే, ఏ అంకె దేనివల్లో కూర్చుని చూద్దాం.